పాత హీలియోస్ తీసుకోవాలా, కొత్త సిగ్మా తీసుకోవాలా? కావలి నుంచి ఒక సందేహం

కావలి_క్లిక్

అందరికీ నమస్కారం. నాది కావలి. సోనీ ఏ6400, దాంతో వచ్చిన 16-50 కిట్ లెన్స్ ఉన్నాయి. పుట్టినరోజులు, సీమంతాలు, నిశ్చితార్థాలు సొంతంగా తీస్తాను. పెద్ద పెళ్ళిళ్ళకు వేరేవాళ్ళ టీమ్‌లో రెండో కెమెరాగా వెళ్తాను. ఇప్పుడు పోర్ట్రెయిట్లకు ఒక మంచి లెన్స్ కొనాలి.

మా ఊళ్ళో ఒక పాత స్టూడియో మూసేస్తున్నారు. వాళ్ళ బీరువాలో చేత్తో ఫోకస్ తిప్పే పాత లెన్సులు రెండు ఉన్నాయి. ఒకటి హీలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్2. రెండోది సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్1.4. రెండూ కలిపి ఎనిమిది వేలు అడుగుతున్నారు. మరోవైపు సిగ్మా 56 ఎంఎం ఎఫ్1.4 సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికేలా ఉంది, కానీ ధర చాలా ఎక్కువ. హీలియోస్‌తో తీసిన ఫొటోల్లో వెనక ఆకులు సుడి తిరిగినట్టు కనిపించడం చూసినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. అలాగని పనికి అడ్డం కాకూడదు కదా. వాడినవాళ్ళు చెప్పండి.

ఒంగోలు_ఫ్రేమ్స్

తమ్ముడూ, పెళ్ళిళ్ళు తీస్తానంటున్నావు కాబట్టి సూటిగా చెప్తున్నాను. సిగ్మా తీసుకో.

జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్ళీ రాదు. పురోహితుడు నీకోసం ఆగడు, చుట్టాలు నీ ముందు నుంచి పక్కకు జరగరు. మీటరున్నర దూరంలో, ఎఫ్1.4 దగ్గర (అపర్చర్ అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ అది ఎక్కువ తెరుచుకుంటుంది), నీ కెమెరాలో ఫోకస్‌లో నిలిచే లోతు సుమారు నాలుగు సెంటీమీటర్లు. పెళ్ళికూతురు తల కొద్దిగా వంచితే కన్ను దాటి చెవి దగ్గరికి పోతుంది ఫోకస్. ఏ6400లో కంటిని పట్టుకుని వెంటాడే ఆటోఫోకస్ ఉంది. 2019లో ఆ కెమెరా వచ్చినప్పుడు అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. చేత్తో తిప్పే లెన్స్ పెడితే ఆ సౌకర్యం మొత్తం వదులుకున్నట్టే.

ఇంకొకటి. ఏ6400 బాడీలో స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు, లేదు. కిట్ లెన్స్‌లో ఉంది కాబట్టి నీకు ఇప్పటిదాకా తెలిసి ఉండదు. హీలియోస్‌లో ఎలాగూ ఉండదు. సిగ్మా 56లో కూడా లేదనుకో, అది కూడా చెప్పాలి. కానీ ఎఫ్1.4 దగ్గరే నికార్సయిన షార్ప్‌నెస్ ఇస్తుంది కాబట్టి షట్టర్ స్పీడ్ పెంచుకునే వీలు ఉంటుంది.

పెన్నాగట్టు

ఒంగోలు తమ్ముడు చెప్పింది పెళ్ళి మండపం వరకు నూటికి నూరుపాళ్ళు నిజం. నేను నెల్లూరులో ఫిల్మ్ రోజుల నుంచి స్టూడియో నడిపాను. మాకు అప్పుడు చేత్తో తిప్పడం తప్ప ఇంకో దారి లేదు. అందుకే ఎఫ్8 పెట్టి, ఫ్లాష్ కొట్టి, దూరం అంచనా వేసుకుని తీసేవాళ్ళం. ఎఫ్2 దగ్గర ఎవరూ తలంబ్రాలు తియ్యలేదు. ఇప్పుడు పాత లెన్స్ కొనేవాళ్ళందరూ దాన్ని పూర్తిగా తెరిచి వాడాలనే కొంటారు. అది మేము చేసిన పని కాదు, అంతకంటే కష్టమైన పని.

అలాగని హీలియోస్‌ను తీసి పక్కన పెట్టకు కావలీ. పెళ్ళికి ముందు అబ్బాయిని, అమ్మాయిని మైపాడు తీసుకెళ్తావు, లేదా ఏ కొబ్బరితోటకో తీసుకెళ్తావు. అక్కడ టైమ్ నీ చేతిలో ఉంటుంది. వాళ్ళను నిలబెట్టి, ఫోకస్ మాగ్నిఫైయర్‌లో కన్ను పెద్దది చేసి చూసుకుని తీస్తావు. ఆ పనికి హీలియోస్ ఇచ్చే తీరు వేరు. చర్మం మరీ గీతలు గీతలుగా పడదు. ఎదురుగా ఎండ ఉంటే నీడల మీద పల్చటి తెర పరుచుకుంటుంది. కొందరికి అది లోపం. నాకు ఇష్టం.

కొనేముందు టార్చి పట్టి చూడాలి. దాని గురించి విడిగా రాస్తాను, అది అన్నిటికంటే ముఖ్యం.

కావలి_క్లిక్

థాంక్యూ అన్నా. ఒక చిన్న సందేహం. ఆ టకుమార్ అద్దం పసుపు రంగులో ఉంది. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే టీ మరక పడ్డట్టు కనిపిస్తోంది. పాడైపోయిందా? రేడియేషన్ ఉంటుందని కూడా ఎవరో భయపెట్టారు.

చీమకుర్తి_మేష్టారు

ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి కాబట్టి దీనికి నేను జవాబిస్తాను.

పాడవలేదు. ఆ రోజుల్లో అద్దానికి వక్రీభవన గుణకం పెంచడానికి థోరియం ఆక్సైడ్ కలిపేవారు. ఎక్కువ వంపు లేకుండానే కాంతిని బాగా వంచగలదు, రంగుల చెదరటం తక్కువ. టకుమార్ 50 ఎఫ్1.4లో మొదట వచ్చినది ఎనిమిది అద్దాలది. తర్వాత వచ్చిన ఏడు అద్దాల రకంలో ఈ థోరియం అద్దం ఉంది. థోరియం రేడియోధార్మిక పదార్థం. అది ఏళ్ళ తరబడి అద్దాన్ని లోపల నుంచే పసుపు చేస్తుంది. కెమెరాకు పెట్టి ఫొటోలు తీసుకోవడంలో భయపడాల్సింది ఏమీ లేదు. విప్పి అద్దాన్ని రుద్దడం, అరగదీయడం మాత్రం వద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

పసుపు పోవాలంటే అతినీలలోహిత కాంతి చూపించాలి. చాలామంది ఎండలో పెడతారు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. లెన్స్ అంటే భూతద్దమే, రెండోవైపు మూత పెట్టకుండా ఎండలో వదిలితే కింద ఉన్నది తగలబడుతుంది. రెండోది, మన జిల్లాలో మే నెల ఎండకు డాబా మీద పెడితే లోపలి గ్రీజు కరిగి అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది. నీడపట్టున చిన్న యూవీ ఎల్ఈడీ దీపం కింద కొన్నాళ్ళు ఉంచడం మేలు.

ఇక ఆ సుడి. దానికి మాయ ఏమీ లేదు. హీలియోస్ 44 అనేది కార్ల్ జైస్ వారి 1930ల నాటి బయోటార్ 58 ఎఫ్2 డిజైన్ నుంచి వచ్చింది. యుద్ధం తర్వాత సోవియట్ ఫ్యాక్టరీలు దాన్ని లక్షల్లో తయారుచేశాయి. ఫ్రేమ్ మధ్యలో వెనకున్న వెలుగు చుక్క గుండ్రంగా పడుతుంది. అంచుకు వెళ్ళేకొద్దీ లెన్స్ గొట్టం పక్క నుంచి వచ్చే కాంతిని కొంత కోసేస్తుంది, చుక్క పిల్లి కన్నులా సన్నబడుతుంది. దానికి తోడు అంచుల్లో సరిదిద్దని ఆస్టిగ్మాటిజం (చుక్క చుక్కలా పడకుండా గీతలా సాగే లోపం), ఫోకస్ తలం వంగి ఉండటం. ఆ సన్నబడ్డ చుక్కలన్నీ కేంద్రం చుట్టూ వరుస తీరినట్టు కనిపిస్తాయి.

అంటే సుడి ఎక్కువగా ఉండేది ఫ్రేమ్ అంచుల్లో. కావలి, నీ కెమెరా ఏపీఎస్-సీ, అంటే సెన్సార్ ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది. 1.5 క్రాప్ వల్ల ఆ అంచులు కోతలో పోతాయి. నువ్వు చూసిన ఫొటోలు చాలావరకు ఫుల్‌ఫ్రేమ్‌వి అయ్యుంటాయి. నీకు సుడి కొంచెమే కనిపిస్తుంది. దాని కోసమే కొంటున్నావంటే ముందు ఈ మాట తెలుసుకుని కొను.

ఆత్మకూరు_డి5600

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాది నికాన్ డి5600. నాకు కూడా హీలియోస్ పెట్టుకోవాలని ఉంది. అడాప్టర్లు ఆన్‌లైన్‌లో చవగ్గా ఉన్నాయి.

చీమకుర్తి_మేష్టారు

నీకు అంత సులువు కాదు. హీలియోస్‌ది ఎం42 అనే స్క్రూ మౌంట్. ఎం42 లెన్స్ వెనక అంచు నుంచి సెన్సార్‌కు 45.46 మిల్లీమీటర్లు ఉండాలి. నికాన్ ఎఫ్ మౌంట్‌లో బాడీయే 46.5 తీసుకుంటుంది. అంటే అడాప్టర్ పెట్టకముందే లెన్స్ ఒక మిల్లీమీటరు ముందుకు జరిగిపోయింది. దగ్గరివి ఫోకస్ అవుతాయి, దూరానివి కావు. మధ్యలో అద్దం ఉన్న అడాప్టర్ పెడితే దూరం ఫోకస్ అవుతుంది కానీ ఆ చవక అద్దం షార్ప్‌నెస్ తినేస్తుంది. కెనాన్ ఈఎఫ్ బాడీకి 44 కాబట్టి వాళ్ళకు సమస్య లేదు. సోనీ ఈ మౌంట్ అయితే 18 మాత్రమే. మిగిలిన 27.46 మిల్లీమీటర్లు ఖాళీ గొట్టమే అడాప్టర్. పాత లెన్సులు మళ్ళీ బయటికి రావడానికి మిర్రర్‌లెస్ కెమెరాలే కారణం.

కందుకూరు_షార్ట్‌ఫిల్మ్స్

వీడియో తీసేవాడిగా నా వైపు నుంచి చెప్తాను. హీలియోస్ 44-2లో రెండు అపర్చర్ రింగులు ఉంటాయి. ఒకదానితో ఎక్కడ ఆగాలో పెట్టుకుంటాం, రెండోది టక్‌టక్‌మనకుండా సాఫీగా తిరుగుతుంది. షాట్ నడుస్తుండగా వెలుతురు మారితే ఆ రింగు మెల్లగా తిప్పుకోవచ్చు, జర్క్ రాదు. ఫోకస్ రింగు కూడా బాగా పొడవుగా తిరుగుతుంది. కొత్త ఆటోఫోకస్ లెన్సుల్లో రింగుకు, అద్దానికి మధ్య వైరే ఉంటుంది. చాలావాటిలో వేగంగా తిప్పితే ఒకలా, నెమ్మదిగా తిప్పితే ఇంకోలా జరుగుతుంది ఫోకస్. గుర్తు పెట్టుకుని మళ్ళీ అదే చోటికి రావడం కుదరదు.

రామాయపట్నం దగ్గర జాలర్లు వల లాగే షాట్లు మేము పాత లెన్సుతోనే తీశాం. పొద్దున్నే సముద్రం మీద ఎదురెండలో కొత్త లెన్స్ పెడితే ప్రతి చెమట చుక్కా విడిగా కనిపిస్తుంది. మాకు కావలసింది అది కాదు.

ఒంగోలు_ఫ్రేమ్స్

అన్నా, షార్ట్ ఫిల్మ్‌కు మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ "పాతది అయితేనే భావం" అనే మాట దగ్గర నాకు పేచీ. షార్ప్‌గా తీసినదాన్ని తర్వాత కంప్యూటర్లో కొంచెం మెత్తబరచవచ్చు. మెత్తగా తీసిన దాంట్లోకి లేని వివరం తీసుకురాలేం. క్లయింట్ ఆల్బమ్‌లో 12x36 షీట్ వేయించమంటాడు. అప్పుడు పర్పుల్ అంచులు, కరిగిపోయిన జరీ అన్నీ బయటపడతాయి. పట్టుచీర జరీ మీద లైటు పడ్డప్పుడు పాత లెన్స్ ఎఫ్2 దగ్గర ఎలా చెదురుతుందో ఒకసారి తీసి చూడండి.

కందుకూరు_షార్ట్‌ఫిల్మ్స్

జరీ సంగతి ఒప్పుకున్నాను. కానీ మెత్తబరచడం వేరు, ఎదురెండలో లెన్స్ లోపల కాంతి చెదరడం వేరు. అది సీన్‌లో వెలుగు ఎక్కడుందో దాన్నిబట్టి మారుతుంది. కెమెరా కొద్దిగా తిప్పితే పొర కదులుతుంది. సాఫ్ట్‌వేర్‌లో అలా నమ్మేట్టు చేయడం నాకైతే కుదరలేదు.

మార్కాపురం_పలక

నేను మనుషుల్ని అంతగా తీయను. రాళ్ళు, గోడలు, గుడులు నా సబ్జెక్ట్. మార్కాపురం పలకల గనుల దగ్గర పొరలు పొరలుగా విడిపోయే రాయి, భైరవకోనలో కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు, వాటి ముందు ద్వారపాలకులు. ట్రైపాడ్ మీద ఎఫ్8 దగ్గర పెడితే, నా దగ్గరున్న పాత నికార్ 50కి, కొత్త లెన్స్‌కి మధ్యలో తేడా వెతికి చూడాల్సి వస్తుంది. మూలల్లో కొంచెం, అంతే. శిల్పం ఎక్కడికీ పోదు, ఆటోఫోకస్‌తో నాకు పని లేదు.

ఒక్క చోట మాత్రం కొత్తదే. గుహ లోపల నుంచి బయటి వెలుగు ఫ్రేమ్‌లోకి వచ్చేలా తీసినప్పుడు పాత లెన్స్‌లో నల్లటి గోడ బూడిద రంగుకు తిరిగింది. పాతవాటికి అద్దం మీద కాంతి తిరిగి మెరవకుండా వేసే కోటింగ్ ఒకే పొర. టకుమార్ లెన్సులు చేసిన పెంటాక్స్ వాళ్ళు 1971లో ఎస్ఎంసీ అని పలు పొరల కోటింగ్ తెచ్చారు, అప్పటి నుంచే ఇది మెరుగుపడుతూ వచ్చింది. కాబట్టి "పాత" అంటే 1960ల సూపర్ టకుమార్, 1980ల లెన్స్ ఒకటి కాదు. అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు.

పులికాట్_బాట

అక్క చెప్పింది బాగుంది. పిట్టల వైపు నుంచి నాలుగు ముక్కలు. నేలపట్టు, పులికాట్ ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి కానీ మాకు అది నెల్లూరు దారే. నేలపట్టులో గూడబాతులు నీళ్ళలో ఉన్న చెట్ల మీద గూళ్ళు కడతాయి. పిల్లలకు మేత పెట్టేటప్పుడు ఒకే చోట ఉంటాయి. అక్కడ పాత 500 ఎంఎం ఎఫ్8 మిర్రర్ లెన్స్ పెట్టి ట్రైపాడ్ మీద తీసేవాళ్ళను చూశాను. వస్తాయి ఫొటోలు. కానీ వెనక నీటి మెరుపులన్నీ గాజుల్లా గుండ్రటి రింగులవుతాయి, మధ్యలో అద్దం అడ్డం ఉండటం వల్ల. ఎగిరే రాజహంసల గుంపును చేత్తో ఫోకస్ చేసి పట్టుకోవాలంటే మాత్రం ఆశ వదులుకోవచ్చు. పిట్టలకు కొత్త లెన్సే, ఆటోఫోకస్‌తో, స్టెబిలైజేషన్‌తో. మధ్యాహ్నం సరస్సు మీద గాలి సెగకు మసకబారితే అది కొత్తదైనా పాతదైనా ఏమీ చేయలేదు, పొద్దున్నే వెళ్ళాలి.

పెన్నాగట్టు

టార్చి సంగతి రాస్తానన్నాను.

మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలకు. ఆ మూడు నెలలు బీరువాలో మూసిపెట్టిన లెన్స్‌కు ఫంగస్ పట్టకపోతే ఆశ్చర్యం. అదీ తోలు కేసులో పెట్టి ఉంటే మరీనూ, తోలు తేమను పట్టి ఉంచుతుంది. కాబట్టి నీ ప్రశ్న పాతదా కొత్తదా అనే దాని కంటే ముందు, ఆ రెండు లెన్సుల లోపల ఏముందో చూడు.

చీకటి గదిలో వెనక నుంచి టార్చి వేసి, కొంచెం పక్కవాటుగా చూడు. సన్నటి దారాలు కొమ్మలు వేసినట్టు ఉంటే ఫంగస్. మొత్తం పొగ పట్టినట్టు ఉంటే హేజ్, అది చాలాసార్లు తుడిస్తే పోతుంది. అంచున ఇంద్రధనుస్సు రంగుల మరక ఉంటే రెండు అద్దాల్ని అతికించిన జిగురు విడిపోతోంది, దాని జోలికి పోకు. నాలుగు దుమ్ము కణాలు ఉంటే పట్టించుకోవద్దు, ఫొటోలో కనిపించవు. ముందు అద్దం మీద చిన్న గీత కంటే వెనక అద్దం మీద గీత ఎక్కువ చెడ్డది. ఫోకస్ రింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పు, మధ్యలో పట్టేస్తుంటే గ్రీజు ఎండిపోయింది. అపర్చర్ రేకులు పూర్తిగా మూసి చూడు, నూనె మెరుస్తుందేమో.

ఆత్మకూరు_డి5600

ఫంగస్ ఉన్న లెన్స్ పక్కన పెడితే మంచి లెన్సులకు అంటుకుంటుందంటారు, నిజమేనా అన్నా?

చీమకుర్తి_మేష్టారు

బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, కొత్త లెన్స్ మీద కూడా. అవి మొలవడానికి కావలసింది తేమ, చీకటి. తేమ తగ్గించడమే మందు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. సిలికా జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. బియ్యంలో పెట్టడం మాత్రం వద్దు, ఆ పొడి లోపలికి పోతుంది. అయినా పెన్నాగట్టు గారూ, ఫంగస్ కనిపిస్తున్న లెన్స్‌ను వేరే డబ్బాలో పెట్టమనే చెప్తాను.

పెన్నాగట్టు

నేనూ అదే చేస్తాను మేష్టారూ. ఇంకో మాట. ఏసీ కళ్యాణ మండపం నుంచి బయటి ఉక్కలోకి వస్తే లెన్స్ మీద నీరు పట్టేస్తుంది. కొత్తదైనా పాతదైనా సంచిలోనే ఉంచి, సంచి వేడెక్కాక తీయండి.

కావలి_క్లిక్

ఈ రోజు స్టూడియోకు వెళ్ళి టార్చి పట్టి చూశాను. టకుమార్ వెనక అద్దాల మధ్య అచ్చం అన్న చెప్పినట్టే కొమ్మల్లాంటి దారాలు ఉన్నాయి, ఒక పక్కన మొత్తం. హీలియోస్ అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. కానీ అపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తోంది. ఫోకస్ రింగు బాగానే తిరుగుతోంది. హీలియోస్ ఒక్కటీ అయితే మూడు వేలకు ఇస్తామన్నారు. నూనె ఉంది కదా, వదిలేయమంటారా?

పెన్నాగట్టు

వదలొద్దు. నూనె భయం ఆటోమేటిక్ అపర్చర్ ఉన్న లెన్సులకు. అక్కడ షట్టర్ పడే క్షణంలో రేకులు స్ప్రింగుతో ఠక్కున మూసుకోవాలి, నూనె ఉంటే అతుక్కుని ఆలస్యం అవుతుంది, ఫొటో తెల్లబడుతుంది. 44-2లో నువ్వే చేత్తో మూస్తావు, స్ప్రింగు లేదు. ఎంత మూశావో అంతే ఉంటాయి ఆ ఎనిమిది రేకులు. అయితే ఆ నూనె కాలక్రమాన ఆవిరై అద్దం లోపలి వైపు పొగలా పడుతుంది కాబట్టి ఏడాదికోసారి టార్చి పట్టి చూస్తూ ఉండు. టకుమార్ వద్దు. ఫంగస్ కోటింగ్‌ను తినేసిందో లేదో శుభ్రం చేశాకే తెలుస్తుంది. విప్పి తుడిపించినా మచ్చ మిగిలిపోవచ్చు.

ఒంగోలు_ఫ్రేమ్స్

మూడు వేలకైతే నేను కూడా తీసుకోమంటాను. కానీ తమ్ముడూ, సిగ్మా కోసం దాచిన డబ్బు కదపకు. నీకు కూలి తెచ్చేది అదే. సెకండ్ హ్యాండ్ సిగ్మా చూసేటప్పుడు కూడా టార్చి పట్టు. పైగా నీ కెమెరాకు పెట్టి ఆటోఫోకస్ దగ్గర నుంచి దూరానికి, దూరం నుంచి దగ్గరకు పరిగెత్తిస్తూ ఆగకుండా వాడి చూడు. మోటార్ గాని, లోపలి రిబ్బన్ కేబుల్ గాని పోతే మన ఊళ్ళో బాగుచేసేవాళ్ళు దొరకరు, కొరియర్‌లో పంపాలి. పాత లెన్స్‌ను పెద్దవాళ్ళు స్క్రూడ్రైవర్‌తో విప్పి గ్రీజు మార్చేవాళ్ళు, ఆ సుఖం దీనికి లేదు. అడాప్టర్ పెడితే సోనీ ఒక్కోసారి "లెన్స్ లేదు" అని షట్టర్ పడనివ్వదు. మెనూలో లెన్స్ లేకుండా రిలీజ్ చేసే ఆప్షన్ ఉంటుంది, ఆన్ చెయ్యి.

కావలి_క్లిక్

హీలియోస్ తీసుకున్నాను. సిగ్మా యజమానితో ఆదివారం మాట్లాడతాను. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరికి వెళ్ళాలని ఉంది, అక్కడికి ఏది పట్టుకెళ్ళాలి?

ఒంగోలు_ఫ్రేమ్స్

రొట్టెల పండుగలో జనం ఒకరిని ఒకరు తోసుకుంటూ ఉంటారు, నీళ్ళల్లో నిలబడి రొట్టె మార్చుకునేది రెండు క్షణాలు. అప్పటికి సిగ్మా చేతికొస్తే సిగ్మా. లేకపోతే నీ 16-50 కిట్ లెన్సే. దగ్గరగా వెళ్ళి ముఖాలు తీసేముందు ఆడవాళ్ళను అడుగు.

పెన్నాగట్టు

బారాషహీద్ దర్గా ఆవరణలో సాయంత్రం లైట్లు వేశాక రద్దీ పలచబడిన చోట హీలియోస్ పెట్టు. వెనక దూరంగా దీపాలు, మనిషి నీకు రెండు మీటర్ల లోపు. అపర్చర్ ఎఫ్2 దగ్గర తెరిచే ఉంచు, షట్టర్ 1/125 తగ్గనీయకు, కావాలంటే ఐఎస్ఓ పెంచు. పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచులకు రంగు పూసి చూపే ఆప్షన్) రంగు ఎరుపు పెట్టుకో, పసుపు దీపాల మధ్య పసుపు పీకింగ్ కనపడదు.

చీమకుర్తి_మేష్టారు

అడాప్టర్ రాగానే ఒక పరీక్ష చెయ్యి. ఫోకస్ రింగును ఇన్ఫినిటీ చివరిదాకా తిప్పి, దూరంగా ఉన్న సెల్ టవర్ చూడు. టవర్ షార్ప్‌గా రాకపోతే అడాప్టర్ మందం ఎక్కువైంది, వెనక్కి పంపెయ్యి. ఇన్ఫినిటీ గుర్తుకు కాస్త ముందే షార్ప్ అయితే మందం తక్కువ, దాంతో పని జరుగుతుంది. బిగించాక లెన్స్ అటూ ఇటూ కదులుతుందేమో కూడా చూడు. 44-2కు వెనక పిన్ను ఉండదు కాబట్టి లోపల అంచు ఉన్న అడాప్టరైనా, లేనిదైనా పర్వాలేదు. రేపు ఎప్పుడైనా 44ఎం-4 లాంటిది దొరికితే మాత్రం అంచు ఉన్నదే తీసుకో, పిన్ను నొక్కి ఉంచకపోతే దాని అపర్చర్ మూసుకోదు.